పాట మధ్యలో ఆపొద్దు

పాట ఇంకా పోతోంది. ఫోను తెర మీద సన్నటి ఆకుపచ్చ గీత జరుగుతోంది, దాని కింద ‘శ్వేత ఫోన్’ అని ఉంది, అంటే నా కూతురి ఫోన్‌లో, నా కూతురి చెవిలో ఇప్పుడు ఈ పాట పాడుతోంది, చెవిలోనే, చెవిలో కాక ఎక్కడ ఉంటుంది, పాడు ఆలోచనలు. పులివెందుల బస్టాండులో ఎక్కినప్పటి నుంచీ నా కళ్ళు దీని మీదే ఉన్నాయి. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ కిటికీతో నాకేం పని. డ్రైవరు ఎవరినో తిడుతూ బండి బయటికి తీశాడు, తీస్తూనే పాత పాటలు పెట్టాడు, బస్సులో అందరూ వినాలన్నట్టు గట్టిగా. నీ ఇష్టం వచ్చింది పెట్టుకో నాయనా, తొందరగా తోలు చాలు. జమ్మలమడుగు చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడి నుంచి మైలవరం డ్యామ్. ఆ పేరు మనసులో కూడా అనుకోకూడదు.

మా అక్క కూతురి సీమంతానికని నిన్న పులివెందుల వచ్చాను. శ్వేత రానంది. మెడికల్ సీట్ల ఆఖరి రౌండు ఈ రోజు మధ్యాహ్నం వస్తుంది, నేనిక్కడే ప్రొద్దుటూరులోనే ఉంటానంది. ఉండనిచ్చాను. అందరూ అదే అడుగుతారు కదా ఫంక్షన్‌లో, సీటొచ్చిందా, ఏ కాలేజీ, అని. ఆ తలనొప్పి దానికెందుకు అనుకున్నాను. రౌండు వచ్చింది, సీటు రాలేదు. రెండో ఏడు కూడా. ఫోన్లో ఎంత మామూలుగా చెప్పింది! రాలేదమ్మా, అంతే, పెట్టేస్తాండా అని పెట్టేసింది, నేను సీమంతంలో గాజులు తొడుగుతూ సరేలేమ్మా, తిను, అన్నాను. తిను అన్నాను, ఇంకేమనాలో తెలియక. ఆ తర్వాత మా పక్కింటి ఖమర్‌బీ ఫోను. మా షాపు చీరలకు ఫాల్స్ కుట్టేది ఆమే, శ్వేత పుట్టినప్పటి నుంచీ చూసిన మనిషి. “రూపమ్మా, పాప స్కూటీ తీసుకోని పోయింది. పిలిస్తే పలకల్యా, చెవుల్లో అవి పెట్టుకోనుండాది. మొగం బాగలేదు మ్మా” అంది. ఆమె అల్లుడు జియావుల్లా జమ్మలమడుగులో ఆటో తోలుతాడు. అతను చూశాడట, స్కూటీ మైలవరం తట్టు పోతుండగా. ఆటోలో మనుషులున్నారు కాబట్టి ఆపలేదు. వాళ్ళను దింపేసి డ్యామ్ కట్టంతా వెతుకుతానక్కా అన్నాడు. ఎప్పుడు దింపుతావు తండ్రీ, వాళ్ళను దింపేసరికి.

చేసినన్ని సార్లు చేశాను ఫోను. మోగుతుంది, ఎత్తదు. మెసేజీలకు రెండు గీతలు పడ్డాయి, నీలం కాలేదు. మా ఆయన కిశోర్ సరుకు కొనడానికి సూరత్ పోయి అక్కడ కూర్చున్నాడు. పోలీసు స్టేషన్‌లో తెలిసినాయన ఉన్నాడు, చెప్తాలే, నాయనకు మాత్రం చెప్పొద్దు, గుండెకు స్టెంటు వేయించి ఎన్నాళ్ళయింది, అన్నాడు. సరే, మామకు చెప్పలేదు. చెప్పడానికి నాకు మాత్రం నోరెక్కడిది. ఆ నాయనే కదా, షాపుకొచ్చిన ప్రతి గిరాకీకీ చీర మడత విప్పుతూ మా మనవరాలు డాక్టరవుతాది అని చెప్పింది, రెండేళ్ళుగా, రవిక గుడ్డకు వచ్చిన వాళ్ళక్కూడా.

పాట మారింది. మారింది! అబ్బ. ఊపిరి తీసుకున్నాను. మారిందంటే వేలితో మార్చిందా, లేక అయిపోతే దానంతటదే ఇంకోటి వచ్చిందా? వస్తుంది కదా, ఈ యాప్ అంతే, మనిషి ఉన్నా లేకున్నా ఒకదాని వెనక ఒకటి వదులుతూనే ఉంటుంది. ఫోను కట్ట మీద పడి ఉన్నా పాడుతుంది. మనిషి లేకపోయినా. చీ, నోరు పడిపోను, మనసు పడిపోను.

నాకు ఇదంతా కనపడుతున్నదంటే మా ఆయన పిసినారితనం పుణ్యమే. ఇంటిల్లిపాదికీ ఒకటే అకౌంటు కొన్నాడు. నాకూ, శ్వేతకూ, షాపులో స్పీకర్‌కూ అదే. ఎవరు ఏం వింటున్నారో అందరికీ కనపడుతుంది, కానీ ఒకసారి ఒకరే వినాలి. నేను నొక్కితే దానిది ఆగిపోతుంది, అది నొక్కితే నాది. ఎన్ని కొట్లాటలు ఇంట్లో! చపాతీలు కాలుస్తూ నేనొక పాట పెట్టుకుంటాను, లోపల గదిలోంచి కేక, అమ్మా నా పాట మధ్యలో ఆపొద్దు అని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు, అని. వెంటనే నాది ఆగి దానిది మొదలు. మళ్ళీ నేను లాక్కుంటే మళ్ళీ అది. నవ్వొచ్చేది. ఇప్పుడు అదే పని చేయొచ్చు కదా? ఒక్క వేలు. ఏదో ఒక పాట నొక్కితే చాలు, దానిది ఆగుతుంది, అది విసుక్కుని తిరిగి లాక్కుంటుంది, ఉన్నట్టు తెలిసిపోతుంది. లాక్కోకపోతే? అది కూడా తెలిసిపోతుంది. ఆ తెలియడం నాకు వద్దు. ఇంకోటి కూడా ఉంది. ఒకవేళ ఆ పిల్లను ఇప్పుడు పట్టుకొని ఉన్నది ఈ పాటేనేమో. మనుషులు ఎవరూ పనికిరాని పూట పాటొక్కటే పక్కన కూర్చుని ఉందేమో. దాన్ని నా చేత్తో తెంపాలా? వేలు తెర దాకా పోతుంది, వెనక్కి వస్తుంది. ఫోను చేసినప్పుడల్లా కూడా పాట ఆగుతోంది, రింగు అయిపోగానే మళ్ళీ దానంతటదే మొదలవుతోంది. అది గమనించాక ఫోను చేయడం కూడా మానేశాను.

పక్కన కూర్చున్న ముసలవ్వ తన ఫోను తీసి చర్చి పాట పెట్టింది. బయటికి, అందరికీ వినపడేట్టు. “మా ఎడ్విన్ గొంతమ్మా ఇది, మా చిన్నోడు. ఆదివారం క్వయర్లో పాడింది రికార్డు చేసి పంపినాడు. ఇను” అని నా చెవి దగ్గర పెట్టింది. కొంచెం ఆపవా అవ్వా, అన్నాను, గట్టిగానే అన్నాను. ఆమె చిన్నబుచ్చుకోలేదు, ఆపింది. కాసేపు నా మొహం చూసింది, ఫోను చూసింది. “ఏందమ్మా, ఒకే తీరున దాంట్లోకే చూస్తాండావు? ఎవరన్నా ఆస్పత్రిలో ఉండారా?”

“లేదవ్వా. మా పాప పాట వింటాంది.”

“ఇంటే మంచిదే గదమ్మా.”

మంచిదే. మంచిదే కదా. నాకు ఏడుపొచ్చింది. ఏం తెలుసని అంది, అయినా ఎంత బాగా అంది. వింటే మంచిదే.

పులివెందులలో మా చిన్నప్పుడు ఎవరి ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో తెలిసినట్టే ఎవరు ఏ పాట వింటున్నారో వీధికంతా తెలిసేది. ఇరుకు గోడలు, తెరిచిన తలుపులు, ఒకరి రేడియో నాలుగిళ్ళకు. టేపు రికార్డరు వచ్చాక కూడా అంతే. డిగ్రీ అయ్యాక బి.ఇడి. చదువుతానంటే మా నాయన వద్దని సంబంధాలు చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు నేను ఒకటే క్యాసెట్టు, ఒకటే పాట, అది అయిపోతే వెనక్కి తిప్పి మళ్ళీ అదే. మా అమ్మ వంటింట్లోంచి అరిచింది, ఎన్నిసార్లు ఇంటావు మే ఆ ఏడుపు పాట, లేచొచ్చి బియ్యం ఏరు, అని. లేచి పోయి బియ్యం ఏరాను. ఆమెకు నేను ఏడుస్తున్నానని తెలుసు, పాటను బట్టి తెలుసు, అడగలేదు, చేటలో బియ్యం పోసి నా ముందు కూర్చుంది, ఆ మాటా ఈ మాటా చెప్పింది. అంతే జరిగింది. పెద్ద ఓదార్పేమీ కాదు. కానీ ఒకరు విన్నారు. ఇప్పుడు ఈ పిల్ల చెవుల్లో దూది కుక్కినట్టు ఆ రెండు ముక్కలు కుక్కుకుని ఏం వింటుందో ఎవరికి వినపడుతుంది, ఎవరు అరవాలి ఎన్నిసార్లు ఇంటావు మే అని.

కోచింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం మాత్రం వాళ్ళకు ఫోన్లు ఇచ్చేవాళ్ళు. నాతో రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది, బాగున్నా, తిన్నా, అంతే. తర్వాత పాట మొదలయ్యేది. నేను గిన్నెలు తోముకుంటూ ఫోను గట్టు మీద నిలబెట్టి చూస్తూ ఉండేదాన్ని, పాట పేర్లు మారుతుండేవి. ఏవో ఇంగ్లీషువి, కొరియావంట కొన్ని, తమిళం కొన్ని. అది పడుకున్నాక అవే పాటలు నేను పెట్టుకుని వినేదాన్ని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. ఇది సంతోషంగా ఉందా, దిగులుగా ఉందా, ఆ గొంతులను బట్టి చూసుకునేదాన్ని. మొదట్లో గంతులేసే పాటలు. రానురాను గొణుక్కునే పాటలు. నాకు తెలుస్తూనే ఉండింది. అడగలేదు. అడిగితే నా పాటలు ఎందుకు చూస్తున్నావు అంటుందని.

మళ్ళీ అదే పాట వచ్చింది, ఇందాక వచ్చినదే. ఎవరో ఆడపిల్ల గుసగుసలాడినట్టు పాడేది. దాని మాటలు తెర కింద వస్తాయి, అవి చదవడానికి పాట నొక్కక్కర్లేదు. చదువుతున్నాను. నా బి.కాం. ఇంగ్లీషు ఇంతకు మించి పనికిరాలేదు. వాటర్ అని ఉంది. నీళ్ళు. కింద డీప్ అని ఉంది. లోతు. ఎందుకు చదివాను, చదవకపోయినా బాగుండేది. మైలవరంలో ఈ ఏడు నీళ్ళు నిండుగా ఉన్నాయి, మొన్న గేట్లు ఎత్తినప్పుడు మేమే పోయి చూసొచ్చాం, ఇదే పిల్ల పిట్టగోడ మీదికి వంగి ఫోటోలు తీస్తుంటే నేను జడ పట్టుకుని వెనక్కి లాగాను. జడ పట్టుకోవడానికి ఇప్పుడు ఎవరున్నారు అక్కడ. ముద్దనూరులో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగడం లేదు, ఎక్కేవాళ్ళు ఎక్కడం లేదు, కండక్టరు టీ తాగుతున్నాడు. టీ! ఏమయ్యా పోనీయవా బండి, అని అరిచాను. పోతాం లేమ్మా, నీ ఒక్కదానికేనా తొందర, అన్నాడు. అవును నాయనా, నా ఒక్కదానికే.

ఊరు దాటాక గుట్టల దగ్గర సిగ్నల్ పోయింది. తెర మీద ఒక గుండ్రటి సున్నా తిరుగుతోంది, పాట పేరు లేదు, శ్వేత ఫోన్ లేదు. ఫోను పైకెత్తాను, కిటికీలోంచి బయటికి చాపాను, అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది పడిపోతుందమ్మా అని. నీకు దండం పెడతా పాడు, పాడుతూ ఉండు, ఏ పాటైనా సరే, ఆ నీళ్ళ పాటే అయినా సరే. అడ్డమైన దేవుళ్ళకూ మొక్కాను. మా వీధి కన్యకా పరమేశ్వరమ్మకు మొక్కాను, అవ్వ చేతిలో బైబిల్ సంచీ చూసి ఆ దేవునికీ మొక్కాను. పొద్దు కూకుతోంది. పొలాల్లో ఎవరో గొర్రెలు తోలుకుపోతున్నారు, ఎంత నిదానంగా పోతున్నారు మనుషులు.

సిగ్నల్ వచ్చింది. పాట పోతోంది. కానీ శ్వేత ఫోన్ కాదు. ‘షాపు స్పీకర్.’ లక్ష్మీదేవి పాట.

దీపాల వేళ. ప్రొద్దుటూరులో మా మామ వీరభద్రయ్య షాపులో దీపం ముట్టించి పాట పెట్టాడు. రోజూ పెడతాడు. వాన వచ్చినా, గిరాకీ పొంగి పొర్లుతున్నా పెడతాడు, దానితో రోజూ శ్వేత పాట తెగుతుంది, ఇంటికొచ్చాక రోజూ ఇద్దరికీ రగడ. ఇది నాకెందుకు తట్టలేదు? ముందే ఫోను చేసి ఈ పూటకు పాట వద్దని చెప్పకపోయానే. నేను ఇంతసేపూ వేలు బిగబట్టుకుని కూర్చుంటే ఈయన ఒక్క నొక్కుతో తెంపేశాడు. తెగిపోయింది. అది తిరిగి లాక్కోవడం లేదు. చూస్తున్నాను, లాక్కోవడం లేదు. షాపుకు ఫోను చేశాను, తొందరలో రెండుసార్లు తప్పు నొక్కాను.

“మామా, పాట ఆపండి.”

“ఏంది రూపా? ఇప్పుడే గదా దీపం పెట్టిన్యా.”

“ముందు ఆపండి మామా.”

“దీపం కాడ పాట మధ్యలో ఆపుతారా మ్మా యాడన్నా? అయిపోనీ. గిరాకీలుండారు, మళ్ళా చేస్తా.”

“మీ మనవరాలు చచ్చిపోతాది మామా! ఆపండి!”

బస్సంతా నా వైపు తిరిగింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆయన ముందు నేను గొంతు పెంచింది లేదు. ఫోనులో వెనక లక్ష్మీదేవి పాట మాత్రం హాయిగా సాగుతోంది. చెప్పాను. సీటు రాలేదని, స్కూటీ, మైలవరం, ఫోను ఎత్తడం లేదని, అన్నీ ఒకదాని మీద ఒకటి పడేలా చెప్పాను. ఆయన గుండె సంగతి గుర్తుంది, అయినా చెప్పాను. ఆయన ఊపిరి వినపడుతోంది.

“నాకెందుకు చెప్పల్యా?” అన్నాడు. తర్వాత, “ఉండు. ఇంకో ఫోను మోగుతాంది.”

“ఇప్పుడు గిరాకీలు ఎందుకు మామా...”

“పాపది” అన్నాడు.

ఎవరి ఫోనూ ఎత్తని పిల్ల, నాకు పలకని పిల్ల, పాట తెగిందని వాళ్ళ జేజినాయనకు ఫోను చేసింది. కొట్లాటకు. రోజూ చేసే కొట్లాటకే. ఆయన నా ఫోను పెట్టేయలేదు, బల్ల మీద పెట్టినట్టున్నాడు, ఆయన మాటలు నాకు వినపడుతున్నాయి. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను, నా ఏడుపు ఆ రెండో ఫోనులోకి పోతుందేమోనని.

“ఆ, చెప్పు. ఆపను. ఎందుకు ఆపల్ల? నీ పాట గొప్పదైతే నా పాట తక్కువదా ఏంది?” అంటున్నాడు. ఆయన గొంతులో ఏ తేడా లేదు. ఇప్పుడే సంగతి విన్న మనిషి కాదు అది, రోజూ మనవరాలితో పోట్లాడే మనిషి. చీరలేవీ నచ్చలేదని లేచిన గిరాకీని ఆయన ఎట్లా కూర్చోబెడతాడో నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. పొమ్మనడు, ఉండమనడు, ఇంకొకటి విప్పుతాడు, అంతే. “అరువు. అరిచినా ఆపను... ఏంది, ఏడుస్తాండావా? ఏడువు. ఏడవచ్చు గానీ ఫోను పెట్టొద్దు... సీటు గురించి ఎవరడిగినారు? నేనడిగిన్యా ఇప్పుడు? పాట గురించి గదా మనకు తగువు.”

అటు నుంచి అది ఏం చెబుతోందో నాకు వినపడదు. ఆయన ఊ అంటున్నాడు, ఊ అంటున్నాడు.

“సరే, బేరం. నేను నాది తీసేస్తా. నువ్వు ఇంటాండిన పాట ఉంది సూడు, అది ఈడ పెట్టు. షాపులో, పెద్ద స్పీకర్లో. నేనూ ఇంటా. ఏముందో అందులో నేనూ సూడల్ల... నాకు అర్థం కాకపోతే నీకేంది? గిరాకీలు ఏమనుకుంటే నీకేంది? షాపు నాది. ఆడ నుంచే పెట్టను వస్తాది గదా నీకు. పెట్టు.”

లక్ష్మీదేవి పాట ఆగింది. మధ్యలో. ఆయన చేత్తో ఆయనే ఆపాడు. నా తెర మీద ఏ పాటా లేదు. ఎంతసేపు లేదో నాకు తెలియదు, బస్సు ఒక వంపు తిరిగింది, అవ్వ నా చెయ్యి వదల్లేదు. అప్పుడొచ్చింది. గుసగుసల పిల్ల పాట, కింద ‘షాపు స్పీకర్’. ఇది దానంతటదే రాదు. ఎవరో వెతకాలి, షాపు పేరు ఎంచాలి, వేలితో నొక్కాలి. ఆ వేలు ఉంది. ఆ వేలున్న చెయ్యి ఉంది. నా కూతురు ఉంది.

ఫోనులోంచి పాట వినపడుతోంది, పల్చగా. “సుమ్మనుండండి, మా పాప పాట” అని గిరాకీలను గదమాయిస్తున్నాడు మామ. “ఏమంటాంది తల్లీ ఆ పిల్ల? ఊ... నీళ్ళల్లో ఉండాదా. లోతా. ఊ... ఒడ్డు కనపడల్యా. తర్వాత? ఎవురన్నా పేరు పెట్టి పిలిస్తే ఆ పక్కకు ఈదుకుంటా వస్తా అంటాదా.” ఆయన గొంతు అక్కడ ఒక్కసారి జారింది. వెంటనే సరిచేసుకున్నాడు. “శ్వేతా” అన్నాడు. “శ్వేతా. ఇనపడతాందా?” ఆ నీళ్ళ మాట ఒక్కటే చదివి నేను చచ్చి బతికాను, కింద ఇంత ఉందని నాకేం తెలుసు.

జియావుల్లా నుంచి మెసేజీ. కనపడింది అక్కా, కట్ట మీద కూర్చోని ఫోన్ మాట్లాడతాంది, దగ్గరికి పోవల్నా. వద్దు, వద్దు, కదిలించొద్దు, దూరంగా ఉండు, కళ్ళు మాత్రం తీయొద్దు, అని పంపాను. నేను సీట్లోంచి ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు, నిలబడితే ముందు పోతానన్నట్టు. కండక్టరు ఏమీ అనలేదు, డ్రైవరు దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు, డ్రైవరు తన పాటలు ఆపి గేరు మార్చాడు.

షాపులో పాట అయిపోయింది. ఫోను చెవికి ఇంకా నొక్కుకున్నాను.

“అయిపోయిందా?” అన్నాడు మామ. “బాగుంది. నాకు పూర్తిగా అర్థం కాల్యా గానీ బాగుంది. ఇంకోటి పెట్టు తల్లీ. నువ్వు పెడతానే ఉండు, మీ అమ్మ ఆడికొచ్చేదాంక. ఈ పొద్దు నేను షాపు మూయను.”

ఇంకో పాట మొదలైంది.